కడవ దించిన పూట

అమ్మ కర్మలన్నీ అయిపోయి, చుట్టాలు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయాక ఆమె రేకు పెట్టె తెరిచాను. పెద్ద ఆస్తేమీ లేదు. రెండు నేత చీరలు, నాయన తలగుడ్డ ఒకటి, పాత రేషన్ కార్డు, నా స్కూలు సర్టిఫికెట్లు, ఎందుకు దాచిందో తెలియని నాలుగు ఖాళీ మందు సీసాలు. అన్నిటికీ అడుగున గుడ్డలో చుట్టి ఒక ఇంకు ఫిల్లరు ఉంది. ఈ కాలం వాళ్లకు ఇంకు ఫిల్లరు అంటే ఏమిటో చెప్పాలి. జానెడు కూడా ఉండని గాజు గొట్టం, కింద సన్నటి మొన, పైన రబ్బరు తిత్తి. సీసాలోంచి ఇంకు పీల్చి పెన్నులోకి వదలడానికి వాడేవాళ్లం. రబ్బరు గట్టిపడి, పట్టుకోగానే పెంకులు పెంకులుగా రాలిపోయింది. గాజుకు మాత్రం ఏమీ కాలేదు. దాన్ని చూడగానే నాకు ముందు వచ్చింది కోపమే, ఏడుపు కాదు. ఎందుకంటే ఆ ఫిల్లరును నేనే, నా చేత్తో, మా సున్నపు బట్టీ వెనక బూడిద కుప్పలోకి విసిరేశాను. అది జరిగి అరవై ఏళ్లు దాటింది. ఈమె వెళ్లి ఏరుకొచ్చి, కడిగి, గుడ్డలో చుట్టి, ఇన్ని ఇళ్లు మారినా పారేయకుండా వెంట తిప్పుకుందన్న మాట. ఏం చేసుకుందామని?

మాది తాడిపత్రికి నాలుగు మైళ్ల దూరంలో ఒక చిన్న ఊరు. ఆ వైపంతా బండ నేల. గుంట తవ్వితే మట్టి కంటే రాయే ఎక్కువ దొరుకుతుంది. వాన పడితే జొన్న వేసేవాళ్లు, పడకపోతే ఆకాశం చూస్తూ కూర్చునేవాళ్లు. మాకు పొలం లేదు కాబట్టి ఆకాశంతో పెద్దగా పేచీ లేదు. మా నాయనది సున్నపు బట్టీ. సున్నపురాయిని ముక్కలు కొట్టి, తుమ్మ మొద్దులు, రైలు కట్ట పక్కన ఏరుకొచ్చిన సగం కాలిన బొగ్గు, రాయి, మళ్లీ బొగ్గు, ఇలా వరసలుగా పేర్చి నిప్పు పెట్టేవాడు. ఒకసారి అంటించాక మూడు నాలుగు రోజులు దాన్ని వదిలి పోవడానికి వీల్లేదు. పైన కట్టెలు వేస్తూ, గాలి ఎటు తిరిగితే అటు రేకు అడ్డం పెడుతూ ఎవరో ఒకరు ఉండాలి. కాలిన రాయి బరువు తగ్గి, తెల్లబారి, వేలితో మీటితే డొల్లగా పలికేది. మా ఇంట్లో అన్నీ తెల్లగానే ఉండేవి. గడప, మంచం కోళ్లు, మేక చెవులు, నాయన కనురెప్పలు, అన్నిటి మీదా సున్నం దుమ్మే. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నా పుస్తకాలు తీసి దులిపి ఇచ్చేది. ఆ వాసన చెప్పడం కష్టం. తడి గోడ వాసనలో కొంచెం, పొగ వాసనలో కొంచెం కలిపితే దానికి దగ్గరగా వస్తుంది.

నీళ్ల సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది ఎవరికీ అర్థం కాదు. తాగే నీళ్ల బావి మైలు దూరంలో ఉండేది. అమ్మ పొద్దున ఒక కడవ, సాయంత్రం ఒక కడవ తెచ్చేది. ఎండాకాలం బావిలో ఊట కోసం కూర్చుని, చెంబుతో తోడి, ఒక్కో కడవ నింపుకోవడానికి పూట గడిచిపోయేది. అమ్మది గార్లదిన్నె పక్క సేద్యం చేసే ఇల్లు. కాలువ నీళ్లు చూసి పెరిగిన మనిషి. "నీళ్లు లేని సంసారం నాకు అంటగట్టినారు" అని నవ్వుతూనే అనేది గానీ అందులో నవ్వు తక్కువ. మొహం కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, మేం స్నానం చేసిన నీళ్లు, ఏవీ వృథా పోయేవి కావు. అన్నీ ఇంటి ముందు రాతి తొట్టిలోకి చేరేవి. ఎవరైనా కాలిన రాయి కాక, మెత్తటి సున్నమే కావాలని అడిగితే ఆ తొట్టి నీళ్లు చల్లి రాయిని విరగదీసేవాళ్లం. నీళ్లు తగిలీ తగలగానే రాయి బుసకొట్టి, పగిలి, ఆవిరి లేచి, దానంతట అదే ఉడికేది. దాని మీద చిన్న కుండ పెడితే గుడ్డు ఉడికించుకోవచ్చు. నేను ఉడికించాను కూడా. పుట్టినప్పటి నుంచీ మాకు ఎవరూ నేర్పకుండానే తెలిసిన విషయం ఒకటుంది. ఒంటి మీద పడ్డ సున్నానికి నీళ్లు తగలనివ్వకూడదు. చేతికి అంటితే పొడిగుడ్డతో దులపాలి.

దులిపినా పోని సున్నానికి ఇంకో మందు ఉండేది. సాయంత్రం పని ముగిశాక నాయన గడప మీద కూర్చుంటే అమ్మ చారు కాచగా మిగిలిన చింతపండు పిప్పి ఆకులో పెట్టి ఇచ్చేది. ఆయన దాన్ని వేళ్ల సందుల్లో, పగిలిన మడమల్లో పట్టించి రుద్దుకునేవాడు. సర్రుమనేది కాబోలు, పళ్లు బిగపట్టి గాలి పీల్చేవాడు. కాసేపటికి మంట తగ్గేది. చర్మం మీద ఆ జిడ్డు పోయి చేతులు మళ్లీ చేతుల్లా కనబడేవి. మా అవ్వ, అంటే నాయన తల్లి, పక్కనే కూర్చుని ఆకు వక్క నములుతూ, "పులుపు ముందర సున్నం ఎంత?" అనేది. ఆమె ఆకుకు సున్నం రాయడంలో ఘనురాలు. గోటి మొన మీద ఎంత తీసుకోవాలో ఆమెకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. ఊరెళ్లి వచ్చినా, జ్వరం తగ్గినా అవ్వ పళ్లెంలో నీళ్లు పోసి పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్లు తీసేది. పచ్చటి నీళ్లు చిటికెడు సున్నానికి నెత్తురు రంగుకు తిరగడం నాకు చిన్నప్పటి నుంచీ పెద్ద వింత. ఎందుకు తిరుగుతాయవ్వా అంటే, "దిష్టి ఉండాది కాబట్టి తిరుగుతాయి" అనేది. దిష్టి లేనప్పుడు కూడా తిరుగుతాయి కదా అంటే నెత్తి మీద మొట్టేది.

దానికి అసలు జవాబు నాకు తాడిపత్రి హైస్కూల్లో దొరికింది. మా ఊరి నుంచి హైస్కూలుకు వెళ్లిన మొదటి ఆడపిల్లను నేనే. నాయన పంపించాడు. ఎందుకు పంపించాడని ఊళ్లో అడిగితే, "పాపకు సదువు అబ్బుతాండాది, నేనేం చేసేది?" అని తప్పు తనది కానట్టు చెప్పేవాడు. మా సైన్సు అయ్యవారు సన్నగా, ఎప్పుడూ జలుబు చేసినట్టు ఉండే మనిషి. ఆయన బోర్డు మీద రాసిన మొదటి సమీకరణం ఈ రోజుకీ ఆయన చేతిరాతలోనే గుర్తుంది. ఆమ్లము, క్షారము కలిస్తే లవణము, నీరు. దీనికి తటస్థీకరణము అని పేరు. పులుపు తన పులుపును వదులుకుంటుంది, సున్నం తన కారాన్ని వదులుకుంటుంది, రెండూ పోయి ఉప్పు, నీళ్లు మిగులుతాయి అని వివరించాడు. ఉప్పూ నీళ్లేనా అని నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ సంవత్సరం స్కూల్లో లిట్మస్ కాగితాలు అయిపోయాయి. రంగు మార్చి చూపించడానికి ఏమీ లేదని ఆయన చింతిస్తుంటే నేను లేచి, పసుపు నీళ్లు సున్నానికి ఎర్రబడతాయండీ, చింతపండు పోస్తే మళ్లీ పచ్చబడతాయండీ అన్నాను. మర్నాడు అన్నీ తెచ్చి చూపించాను. "ఏమ్మా సుశీలా, మీ ఇల్లు ఇల్లు కాదు, ల్యాబొరేటరీ" అన్నాడాయన. ఆ మాటతో నా తల తిరిగింది. అదే రోజు ఆయన అసలైన యాసిడ్, సోడా రెండూ పరీక్షనాళికలో కలిపి, వరసగా మా అందరి చేతికీ ఇచ్చి పట్టుకోమన్నాడు. నాళిక వేడిగా ఉంది. చర్యలో ఉష్ణము వెలువడును అని నేను నోటుబుక్కులో గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాను. కింద గీత కూడా గీశాను.

ఇంటికొచ్చి నేను సొంత ల్యాబు పెట్టాను. రెండు ఖాళీ ఇంకు సీసాలు కడిగి, ఒకదాంట్లో వడగట్టిన చింతపండు నీళ్లు పోసి 'ఆమ్లము' అని, ఇంకోదాంట్లో సున్నపు తేట పోసి 'క్షారము' అని కాగితాలు అంటించాను. గిన్నెలో పసుపు కలిపిన సున్నపు తేట ఎర్రగా ఉంటుంది. ఇంకు ఫిల్లరుతో చింతపండు నీళ్లు ఒక్కో చుక్కా వదులుతూ లెక్కపెట్టాలి. చుక్క పడ్డచోట పచ్చటి మచ్చ కనబడి మాయమవుతుంది. ఒక చుక్క దగ్గర మాత్రం గిన్నె మొత్తం ఒక్కసారిగా పచ్చబడుతుంది. ఆ చుక్కే అసలు చుక్క. అక్కడ ఆపాలి. నాయనకు ఈ ఆట చాలా ఇష్టమైంది. బట్టీ పని వదిలి వచ్చి గొంతుక్కూర్చుని చూసేవాడు.

"ఇప్పుడు ఈ నీళ్లల్లో సున్నం యాడికి పోయిందంటావు?"

"యాడికీ పోలే నాయనా. పులుపు దాన్ని విరిచేసింది. ఇప్పుడు ఉప్పు అయిపోయింది."

"తాగొచ్చునా?"

"తాగొచ్చు. కానీ పసుపు ఉండాది."

"ఏమే, ఇన్నావా?" అని ఆయన అమ్మను కేకేసేవాడు. "మన పాప సున్నాన్ని సంపుతాంది. రేపు మన బట్టీని కూడా సంపుతాదేమో సూడు." అమ్మ వంటింట్లోంచి, "నీళ్లు మాత్రం పారబొయ్యొద్దని చెప్పు, తొట్టిలో పొయ్యమను" అనేది.

అసలు సంగతి జరిగింది ఎండాకాలం సెలవులకు కొంచెం ముందు. బట్టీలో కొత్తగా వేసిన రాయి అప్పుడే కాలడం మొదలుపెట్టింది. పక్క ఊరి నుంచి ఒక ఆసామి వచ్చి, ఇంటికి వెల్ల వేయించాలి, మెత్తటి సున్నం కావాలి అన్నాడు. నాయన పాత వాయిలోంచి మిగిలిన రాయి పళ్లెంలో వేసి, తొట్టి అడుగున ఉన్న నీళ్లు మొత్తం ఊడ్చి దాని మీద చల్లాడు. బుస్సుమని ఆవిరి లేచింది. అది రోజూ చూసేదే, ఎవరూ పట్టించుకోలేదు. నాయన వంగి కట్టెతో కలపబోతుంటే ఒక రాయి టప్పున పగిలింది. ఆయన ఎడమ కన్ను మూసుకుని రెండడుగులు వెనక్కి వేసి కూర్చుండిపోయాడు. అరవలేదు. అరవకపోయేసరికి నాకు ఎక్కువ భయమేసింది.

సరిగ్గా అప్పుడే అమ్మ బావి నుంచి వచ్చింది. నడుం మీద నిండు కడవ. "ఏమప్పా, ఏమాయ?"

"కంట్లో పడింది."

అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కడవను నడుం మీంచి రెండు చేతుల్లోకి తీసుకుని, "తల ఎత్తు, పోస్తా" అంది. సాయంత్రానికి, రాత్రికి, మర్నాడు పొద్దుటికి మా నలుగురికీ ఉన్న నీళ్లు అవే. అయినా ఎత్తింది.

అవ్వ అరుగు మీంచి ఒక్క అరుపు అరిచింది. "మతి ఉండాదే నీకు? సున్నం మింద నీళ్లు పోస్తావా? ఆడ పళ్లెంలో ఎట్ల ఉడుకుతాందో సూడు. గుడ్డు ఉడికిపోతాది వానికి. ఆముదం తే!"

పళ్లెం ఇంకా కుతకుతలాడుతూనే ఉంది. నాయన కూడా చెయ్యి అడ్డం పెట్టి, "పొయ్యొద్దు" అన్నాడు. నేను అప్పటికే లోపలికి పరిగెత్తి సీసా, ఫిల్లరు తెచ్చాను. "ఆముదం వద్దు, నీళ్లూ వద్దు. పులుపు ఎయ్యల్ల. పులుపు ఏస్తే సున్నం విరిగిపోయి ఉప్పు, నీళ్లు అయితాది. నాకు తెలుసు" అన్నాను.

అమ్మ కడవ పట్టుకునే నా వైపు చూసింది. "తెలుసునా పాపా, నిజంగా?"

"తెలుసు."

"పాప చెప్పినట్ల చెయ్యండి" అన్నాడు నాయన, ఒక చేత్తో మంచం కోడు పట్టుకుని. "అది సదువుకున్నది."

అమ్మ కడవ దించింది. చుట్టకుదురు మీద అది ఆనిన చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. నేను నాయన రెప్ప విడదీసి చింతపండు నీళ్లు ఒక్కో చుక్కా వేశాను. లెక్కపెట్టాను కూడా. ఇరవై రెండు చుక్కలు. గిన్నెలో అయితే పసుపు రంగు మారి ఎక్కడ ఆపాలో చెబుతుంది. కంట్లో ఏ రంగు మారుతుందని ఎదురు చూశానో ఈ రోజుకీ చెప్పలేను. నాయన ఒళ్లంతా చెమట. పన్నెండో చుక్క దగ్గర, "ఇంగ ఎన్ని పాపా?" అని అడిగాడు. నేను కొంచెం ఓర్చుకో నాయనా అన్నాను. డాక్టరులాగా అన్నాను. ఆ గొంతు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాడు పొద్దున బస్సులో అనంతపురం వెళ్లాం, నాయన, నేను. బట్టీ అంటించి ఉంది కాబట్టి అమ్మ రాలేదు. మూడు రోజులూ ఆమే కట్టెలు వేస్తూ బట్టీ కాసింది. నేను బోర్డులు చదవగలను, చీటీ రాయించగలను కాబట్టి నన్ను తోడు పంపారు. కంటి డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. లైటు వేసి చూసింది, రెప్ప తిప్పి చూసింది, మళ్లీ చూసింది.

"నీళ్లతో కడిగారా?"

"సున్నం గదమ్మా. నీళ్లు పోస్తే ఉడుకుతాది" అన్నాడు నాయన.

ఆమెకు కోపం వచ్చింది గానీ గొంతు పెంచలేదు. "కొంచెం పోస్తే ఉడుకుతుందయ్యా. ఆ పిసరు సున్నం మీద కడవ నీళ్లు గుమ్మరిస్తే ఆ వేడి ఎక్కడ నిలుస్తుంది? వేడీ పోతుంది, సున్నమూ కొట్టుకుపోతుంది. ఆగకుండా అరగంట పోయాలి. ఇంకేమైనా వేశారా కంట్లో?"

నేను నోరు తెరిచాను. నాయన నా మణికట్టు పట్టుకున్నాడు. "ఏం ఎయ్యలేదమ్మా" అన్నాడు.

కానీ నాకు ఆగలేదు. పుస్తకంలో విషయం అడుగుతున్నట్టు నటించి, "పులుపు ఏదైనా వేస్తే సున్నం విరుగుతుంది కదండీ, తటస్థీకరణం?" అన్నాను. ఆమె నన్ను మెచ్చుకోలుగా చూసింది. అది మరీ ఘోరం. "పరీక్షనాళికలో విరుగుతుందమ్మా. అప్పుడు నాళిక వేడెక్కుతుంది, గమనించావా? కంట్లో వేస్తే ఆ వేడి కూడా కన్నే భరించాలి. పులుపు మంట వేరే. నువ్వు చుక్కలు లెక్కపెట్టే లోపల సున్నం లోపలికి దిగిపోతుంది. ముందు నీళ్లు. నీళ్లు తప్ప ఇంకేమీ కాదు" అని చెప్పింది. తర్వాత నాయన వైపు తిరిగి, ఆ కన్నుకు చూపు రాదని మెల్లగా చెప్పింది.

ఆమె చెప్పిన దాన్ని నేను ఆ తర్వాత వెయ్యి సార్లు తిరగేసుకున్నాను. మేమేమీ తెలివితక్కువ వాళ్లం కాదు. మాకు సున్నం తెలిసినట్టు ఆ డాక్టరమ్మకు తెలియదు. కాకపోతే మా ఇంట్లో సున్నం మీద నీళ్లు చల్లడమే చూశాం. సున్నం మీద ధారాళంగా నీళ్లు గుమ్మరించడం మా ముత్తాత కాలం నుంచీ ఎవరూ చూసి ఉండరు. అన్ని నీళ్లు ఎవరికి ఉన్నాయి? అన్ని నీళ్లు చూసిన మనిషి ఇంట్లో ఒక్కతే, కాలువ ఊరి నుంచి వచ్చిన అమ్మ. ఆమెనే అందరం కలిసి ఆపేశాం. నా సంగతి వేరు. నాళిక వేడెక్కడం నేను చేత్తో పట్టుకుని చూశాను, రాశాను, గీత గీశాను. తెలిసి కూడా తోచలేదు.

తిరుగు బస్సులో నాయన కంటికి కట్టు. నేను ఏడుస్తున్నాను. ఊరు ఇంకో రెండు మైళ్లుందనగా ఆయన, "డాక్టరమ్మ చెప్పింది మన ఇద్దరి మధ్యనే ఉండనీ" అన్నాడు.

"అమ్మకు చెప్పల్ల నాయనా. నాదే తప్పు."

"నీ తప్పు సంగతి నాకు చెప్పొద్దు. మీ అమ్మ కడవ ఎత్తింది. మన మాట ఇని దించింది. పోసింటే కన్ను నిలబడేదని తెలిస్తే, దించినందుకు సచ్చేదాకా ఏడుస్తాది. తెలిసిందా?"

"తెలిసింది."

"నువ్వు సదువు ఆపుతానని కూడా ఇంట్లో అనొద్దు. ఇంగ ఆ మాట లేదు."

నేను అదే అనబోతున్నానని ఆయనకు ఎలా తెలిసిందో. ఇంటికి చేరగానే అవ్వ ఎర్రనీళ్లు పట్టుకుని గుమ్మంలోనే నిలబెట్టింది. పసుపు, సున్నం. పళ్లెంలో ఎర్రగా ఊగుతున్న ఆ నీళ్లు చూడలేక తల తిప్పుకున్నాను. ఆ సాయంత్రమే ఫిల్లరు తీసుకెళ్లి బూడిద కుప్పలో విసిరేశాను. అవ్వ బతికినన్నాళ్లూ ఆముదం వేసి ఉంటే కన్ను దక్కేదని అంటూనే ఉండేది. అమ్మ ఏమీ అనేది కాదు. అడిగిన వాళ్లందరికీ నాయన, "బట్టీ తీసుకునింది" అని ఒక్క మాటే చెప్పాడు. మిగిలిన ఒక్క కంటితోనే మంట రంగు చూసి రాయి కాలిందో లేదో చెప్పేవాడు. తప్పు పోయేది కాదు. కానీ నీళ్ల చెంబు అందుకోబోయి చెంబు లేనిచోట చెయ్యి పెట్టేవాడు, అలాంటప్పుడు నేను అక్కడ లేకుండా లేచి పోయేదాన్ని.

తర్వాతి సంగతులు మామూలే. నేను చదివాను, అనంతపురంలో సైన్సు టీచరునయ్యాను. తాడిపత్రి చుట్టూ సిమెంటు వచ్చి పాత బట్టీలు ఒక్కొక్కటే చల్లారాక నాయన, అమ్మ నా దగ్గరికే వచ్చారు. తటస్థీకరణం పాఠం వచ్చిన ప్రతి సంవత్సరం నేను తరగతి గదిలో బల్ల మీద ముందుగా నిండు కడవ పెట్టించేదాన్ని. కరువు రోజుల్లో తాగే నీళ్లు పాఠానికి పెట్టడమేంటని తోటి టీచర్లు గొణిగేవాళ్లు. నేను వినలేదు. ఆమ్లమైనా, క్షారమైనా, కంట్లో పడితే ఏం చేయాలి అని అడిగి, నీళ్లు అని అందరూ గట్టిగా చెప్పేదాకా సమీకరణం రాసేదాన్ని కాదు. ఇంట్లో ట్యూషన్ పిల్లలకూ అంతే. వసారాలో చాప మీద వాళ్లను కూర్చోబెట్టి, సున్నం కంట్లో పడితే భయపడి చల్లకండి, అరగంట ధారగా పోయండి, పులుపూ ఆముదం ఏవీ వేయకండి అని చెప్పేదాన్ని. పక్కన అమ్మ చేటలో బియ్యం ఏరుకుంటూ ఉండేది.

ఇప్పుడు మా ఇంట్లో కుళాయి ఉంది. తిప్పితే వస్తాయి, రోజూ కాకపోయినా వస్తాయి. ఒకసారి పిల్లలు ఎవరూ లేనప్పుడు గడియారం పెట్టుకుని, కుళాయి కింద కడవలు మారుస్తూ అరగంట చూశాను. ఇంట్లో కడవలన్నీ నిండాయి, బకెట్లూ నిండాయి, ఇంకా టైము మిగిలింది. అంటే ఆ రోజు మాకు తెలిసి ఉన్నా సరే, మా వీధి మొత్తం మీద అన్ని నీళ్లు లేవు. ఈ లెక్క నాకు కొన్నేళ్లు ఊరటగా పనికొచ్చింది. తర్వాత పనికి రావడం మానేసింది. ఉన్నది ఒక్క కడవే, ఆ ఒక్కటైనా పోసి ఉండాల్సింది.

నాయన పోయి చాలాకాలమైంది. ఆయనకిచ్చిన మాట తప్పలేదని నాకు ఒక ధైర్యం ఉండేది. రెండేళ్ల కింద అమ్మకు కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. రోజుకు నాలుగుసార్లు చుక్కల మందు వేయాలి. నేను వేయలేకపోయాను. చెయ్యి వణుకుతోంది, ముసలిదాన్నయ్యాను అని చెప్పి పక్కింటి కోడల్ని పిలిచి వేయించేదాన్ని. ఒకరోజు పొద్దున ఆ అమ్మాయి ఊళ్లో లేదు. అమ్మ మంచం మీద పడుకుని పైకి చూస్తూ, "నువ్వే ఎయ్" అంది.

"నా చెయ్యి నిలవదమ్మా."

"మొన్న సూదిలో దారం ఎక్కించినప్పుడు నిలిచింది గదా."

ఆమె నా చెయ్యి తడిమి పట్టుకుంది. "ఆ పొద్దు కడవ దించింది నేను. నువ్వొక్కదానివే మోస్తాండావు ఎందుకు?"

"నీకెవరు చెప్పినారు?"

"ఎవరు చెప్పల్ల? నువ్వే చెప్తాంటివి గదా, ఏటా, పిల్లోళ్లకి. సున్నం కంట్లో పడితే ముందర నీళ్లు అని. నేను ఈడనే కూచోని బియ్యం ఏరుతాంటి."

ముప్పై ఏళ్లు. నాయనకిచ్చిన మాటను ముప్పై ఏళ్ల పాటు ప్రతి సంవత్సరం నా గొంతుతో నేనే తప్పుతూ వచ్చాను. వసారాలో, ఆమె పక్కనే. "మొదటిసారి ఇన్నప్పుడు నాయన ఉన్నాడా?" అన్నాను.

"లోపల పండుకోని ఉన్యాడు."

"మరి ఆయనతో ఏమీ అనలేదా?"

"ఎట్ల అనేది? నాకు తెలీకూడదని ఆయప్ప అంత కష్టపడుతుండ్య. తెలిసిందని తెలిస్తే బాధపడతాడని ఊరకుండిపోతి." నా చెయ్యి వదిలేసి, "బియ్యంలో రాళ్లు లేకపోయినా ఏరుకుంటా కూచుంటి ఆ పొద్దు" అంది. తర్వాత కొంచెం విసుగ్గా, "ఇంగ ఎయ్, మెడ నొస్తాంది" అంది.

నేను సీసా మూత తీశాను. ఎడమ చేత్తో ఆమె రెప్ప విడదీసి, చుక్కను కంటి పైకి తెచ్చి ఆపాను. మందు చుక్క మొన దగ్గర లావై, వేలాడి, రాలింది. అమ్మ రెప్ప వేయలేదు.